పులుసు మరిగేదాకా

మొన్న మా కొత్త బ్యాచ్ పిల్లల్ని వెంటేసుకుని బాపట్ల అవతల, సముద్రం వైపున్న ఒక పల్లె ఆసుపత్రికి వెళ్లాను. నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెప్పుకునే నాకు ఏటా ఇదొక తద్దినం. పిల్లలు వచ్చీ రాగానే ఫోటోలు దిగుతారు, దోమలు కుడుతున్నాయంటారు, కూరలో ఉప్పు లేదని నా ప్రాణం తీస్తారు. ఈసారీ ఆ గొడవలోనే ఉండగా, సూదులేసే గదిలోంచి ఒక ఆడపిల్ల గొంతు వినిపించింది.

"ముందు చింతపండు నానబెట్టుకోవాలి. ఉల్లిపాయలు సన్నగా తరుక్కోవాలి. పచ్చిమిరపకాయలు చీరి పక్కన పెట్టుకోవాలి..."

తొంగి చూశాను. పన్నెండు పదమూడేళ్ల పిల్ల బల్ల మీద బోర్లా పడుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, చేపల పులుసు ఎలా పెట్టాలో గోడకి చెబుతోంది. సిరంజి పట్టుకున్న నర్సు బిత్తరపోయి, ఏంటమ్మా, ఆకలేస్తోందా అని అడిగింది. నా వెనక మా పిల్లలు కిసుక్కున నవ్వారు. నేను మాత్రం గుమ్మం పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

సూది వేసేటప్పుడు అవతలివాళ్ల చేత చేపల పులుసు చెప్పించే మనిషి నాకు తెలిసి ఒక్కతే. నా స్టూడెంటు. ఆ పిల్ల పోయి ఏడాది దాటింది.

రేపల్లె అవతలి నుంచి తెనాలిలో మా కాలేజీకి వచ్చి చేరింది. తండ్రి పొలం కూలి, తల్లికి రొయ్యల షెడ్డులో పని. మనిషి సన్నగా, ఎత్తుగా ఉండేది. పెదవులు ఎప్పుడూ నేరేడుపళ్లు తిన్నట్టు కాస్త నల్లగా ఉండేవి. ఆదివారం చర్చికి వెళ్లలేకపోతే ఆ వారమంతా ఏదో పారేసుకున్నట్టు తిరిగేది. మార్కులు అంతంతమాత్రం. న్యుమోనియా ఇంగ్లిషులో రాయమంటే మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయి నా మొహం వంక చూసేది.

మా కాలేజీ మూడంతస్తులు. లిఫ్టు ఉంది గానీ అది ప్రిన్సిపాల్ గారికీ, తనిఖీకి వచ్చే పెద్దలకీ. మెట్లు మలుపు తిరిగే ప్రతిచోటా ఒక నోటీసు బోర్డు ఉంటుంది. ఆ బోర్డుల మీద ఎప్పటివో ఫీజుల నోటీసులు, వెలిసిపోయిన క్షయ పోస్టర్లు తప్ప ఏమీ ఉండవు. ఈ పిల్ల మాత్రం ప్రతి మలుపులోనూ ఆగి వాటిని శ్రద్ధగా చదివేది. క్లాసు మొదలవుతున్నా సరే, కిందనుంచి పైదాకా చదివి గానీ కదిలేది కాదు. తోటి పిల్లలు దానికి నోటీసు బోర్డు అనే పేరు పెట్టారు. అలా పిలిస్తే నవ్వేది తప్ప మారు మాట్లాడేది కాదు.

మొదటి ఏడాది మొదటి క్లాసులో నేను ప్రతి బ్యాచ్‌నీ ఒకటే అడుగుతాను, చదువయ్యాక ఏం చేస్తారని. మానవసేవ అని మొదలెట్టి జర్మనీలో తేలతారు. వెనకటి బ్యాచ్‌లు గల్ఫ్ అనేవి, ఇప్పుడు జర్మనీ. చదువు సగం కాకుండానే ఫోన్లో ఆ భాష నేర్చుకోవడం మొదలెడతారు. వాళ్లనేమీ అనను. ఇక్కడ ప్రైవేటు ఆసుపత్రుల్లో ఇచ్చే జీతాలు నాకు తెలియనివా.

దీని వంతు వచ్చినప్పుడు లేచి నిలబడి, "సూదులేస్తానండి," అంది.

క్లాసంతా గొల్లుమంది. నర్సులంతా చేసే పని అదేగా, ఇంకేమన్నా చెప్పు అన్నాను. "కాదండి. మా ఊళ్లోనే ఉండి వేస్తానండి. బస్సెక్కి రేపల్లె వెళ్లక్కర్లేకుండా," అంది. అని కూర్చుంది. ఇంతోటిదానికి నాలుగేళ్ల చదువెందుకని నాకు చిరాకేసింది.

తర్వాత ల్యాబులో రబ్బరు బొమ్మకి సూది వెయ్యడం నేర్పిస్తుంటే, ఈ మహాతల్లి బొమ్మ దగ్గరికి వంగి, మీ ఇంట్లో చేపల పులుసు ఎలా పెడతారండీ అని మర్యాదగా అడిగింది. నవ్వులు ఆగలేదు. నేను కేకలేస్తే అప్పుడు చెప్పింది. చిన్నప్పుడు రేపల్లె ఆసుపత్రిలో ఒక నర్సమ్మ దీనికి సూదులేసేదట. అవి మామూలు సూదులు కావు, చిక్కటి మందు, పిరుదుల్లోకి నెమ్మదిగా ఎక్కించాలి. తొందరపడితే పిల్లలు గిలగిల్లాడిపోతారు. అందుకని ఆవిడ పులుసు చెప్పమనేదట. చింతపండు నానబెట్టడం దగ్గర మొదలెడితే ముక్కలు వేసే సరికి మందు మొత్తం లోపలికి వెళ్లేదట. మధ్యలో ఏడిస్తే, తొందరేం లేదమ్మా, పులుసు మరగనివ్వు అనేదట. ఆవిడని చూసే నర్సునవ్వాలనుకున్నానండి అంది. నేను ఏవో చిన్నప్పటి సంగతులనుకుని వదిలేశాను.

మా పిల్లల్ని పల్లెల్లో ఇంటింటికీ తిప్పేటప్పుడు వాళ్ల భుజానికి ఒక సంచీ ఉంటుంది. ఏ ఇంటికి వెళ్లినా ముందు పేపరు పరిచి, దాని మీద సంచీ పెట్టి, ఇంటివాళ్లని నీళ్లడిగి, చేతులు కడుక్కుని, ఆ తర్వాతే సంచీ తెరవాలి. పేపరు పరవగానే జనం నవ్వుతారు, అన్నాలు వడ్డిస్తారా ఏంటమ్మా అని. కొన్ని ఇళ్లలో అంతకంటే ముందు ఏ ఊరు, ఎవరమ్మాయివి అని అడుగుతారు. జవాబు విన్నాక చెంబు చేతికివ్వరు. దూరంగా నిలబడి పోస్తారు. అలాంటిచోట మా పిల్లలు కొందరు తలవంచుకుని వేళ్లు తడుపుకుని లేచేవాళ్లు. ఈ పిల్ల మాత్రం దోసిలి పట్టి, "ఇంకాస్త పొయ్యండత్తా, సబ్బు పోలేదు," అని చెంబు ఖాళీ అయ్యేదాకా పోయించేది. ఇంకో చెంబు తెమ్మని కూడా అడిగేది. మొహంలో ఎక్కడా కోపం ఉండేది కాదు. ఆ ఇంటావిడే విసుక్కుంటూ లోపలికీ బయటికీ తిరిగేది. నేను పక్కకి తిరిగి నవ్వుకునేదాన్ని.

వీధిలో నడిచేటప్పుడు కూడా అంతే, ప్రతి గుమ్మం దగ్గరా ఆగేది. బాగున్నావా మామ్మా, ఏం కూర వండారు పిన్నీ అంటూ కూర్చునేది. మిగతావాళ్లు నాలుగు ఇళ్లు చూసేలోపు ఇది ఒక ఇల్లు చూసేది. దీని బద్ధకానికి మందు లేదనుకునేదాన్ని.

మొన్న బల్ల మీద పులుసు చెప్పిన పిల్ల ఇల్లు మేం అలా తిరిగిన ఒక పల్లె చివర ఉంది. పేరు బుజ్జి అనుకుందాం. అప్పటికి తొమ్మిదేళ్లో పదేళ్లో. తోటివాళ్లు వీధిలో పరుగులు పెడుతుంటే గుమ్మంలో మోకాళ్లు పట్టుకుని కూర్చుని ఉంది. తల్లి వలలు బాగుచేస్తోంది. ఏమ్మా ఆడుకోవట్లేదేం అంటే, ఎదిగే నొప్పులండి అంది తల్లి. పోయిన నెల మోకాలు వాచిందట, అది తగ్గాక చీలమండకి దిగిందట. రాత్రిపూట జండూబామ్ రాస్తోందట. అంతకుముందు గొంతు నొప్పి, జ్వరం వచ్చి తగ్గాయట.

మా పిల్ల స్టెతస్కోపు పెట్టి వింది. చాలాసేపు వింది. తలెత్తినప్పుడు దాని మొహంలో నెత్తురు చుక్క లేదు. "మేడం, మీరొకసారి వినండి," అంది.

విన్నాను. గుండె చప్పుడు మధ్యలో ఉండకూడని గరగర ఉంది. ఈ జబ్బు గొంతులో మొదలై, కీళ్ల మీదికి పాకి, చివరికి గుండె కవాటాల్ని కొరుక్కు తింటుంది. మరింత పాడవకుండా ఆపడానికి ఒకటే దారి, మూడు వారాలకొక పెన్సిలిన్ సూది, ఏళ్ల తరబడి. పైగా పెన్సిలిన్ అనగానే వికటిస్తుందేమోనన్న భయంతో ఊళ్లో డాక్టర్లు చేతులు వెనక్కి పెట్టుకుంటారు. పెద్దాసుపత్రికి పోవాల్సిందే.

ఇదంతా తల్లికి చెప్పాను. ఆవిడ ముందు వీధి వైపు చూసి, ఊళ్లో ఎవరితో అనమాకండమ్మా, ఆడపిల్ల అంది. తర్వాత వల మళ్లీ ఒళ్లోకి లాక్కుంది. "ఏళ్ల తరబడి పొడిపించుకుంటా బతికేది ఏం బతుకమ్మా. అదే తగ్గుద్దిలే," అంది.

అప్పుడు మా పిల్ల బుజ్జి చెయ్యి తీసుకుని తన గుండె మీద పెట్టుకుంది. తల్లి వైపు తిరిగి, "నాకూ ఇదే జబ్బత్తా. ఈ పిల్లంత ఉన్నప్పట్నుంచీ మూడు వారాలకొక సూది. నేను బతకట్లేదా? చదువుకోలేదా? మీ ఇంటిదాకా నడిచి రాలేదా?" అంది. బుజ్జితో, "సూది మానకపోతే నువ్వూ నాలాగే నర్సువవుతావు," అంది.

ఆ మాట నేను వినడం కూడా అదే మొదటిసారి. మెట్ల మలుపుల్లో నోటీసు బోర్డులు, వీధిలో గుమ్మం గుమ్మానికీ పలకరింపులు, ఆ నేరేడు పెదవులు, అన్నీ ఒక్కసారి నా కళ్ల ముందుకొచ్చాయి. ఆ బోర్డులూ ఆ గుమ్మాలూ ఊపిరి కూడదీసుకోవడానికి ఆగిన చోట్లు.

బయటికి రాగానే పట్టుకుని ఝాడించాను. కాలేజీలో చేరేటప్పుడు ఆరోగ్య పరీక్ష ఉంటుంది కదా, అదెలా దాటావే అని అడిగాను. "డాక్టరు గారు చున్నీ మీద నుంచే విన్నారండి. అందరికీ ఆరోగ్యంగా ఉన్నారనే రాశారు," అంది. మరి నోటితో చెప్పడానికేం అన్నాను. చెబితే సీటు తీసేస్తారు కదండీ అంది. తీసేసేవాళ్లే.

బుజ్జికి మొదటి సూది బాపట్లలో వేయించాం. నర్సుని బతిమాలి ఈ పిల్లే వేసింది, నేను పక్కన నిలబడ్డాను. "మీ ఇంట్లో చేపల పులుసు ఎలా పెడతారే?" అని అడిగింది. బుజ్జి వెక్కుతూ చింతపండు దగ్గర మొదలెట్టింది. ఉప్పూ కారం ఎంతో చెప్పలేక తల్లి వంక చూసింది. ముక్కలు వేశాక గరిటె పెట్టకూడదు, గిన్నె పట్టుకుని తిప్పాలి అని తల్లి అందించింది. "తొందరేం లేదు. పులుసు మరగనివ్వు," అంటూ మా పిల్ల మందు ఎక్కిస్తూనే ఉంది. అయిపోయిందని బుజ్జికి తెలియనే లేదు. నేను ఇన్నేళ్లలో ఎన్నో వందలమందికి సూది వెయ్యడం నేర్పాను, అంత నిదానంగా వేసిన చెయ్యి మాత్రం చూడలేదు.

చదువు ముగిసే రోజుల్లో దాన్ని లాక్కుని గుంటూరు గుండె డాక్టరు దగ్గరికి వెళ్లాను. కవాటం బాగా మూసుకుపోయింది, ఛాతీ తెరిచి మార్చాలి, ఆలస్యం చెయ్యకండి అన్నాడాయన. డబ్బు గొడవ లేదు, కార్డు మీద చేసేస్తారు. తల్లీ తండ్రీ సరేనన్నారు. ఇది మాత్రం ససేమిరా అంది. తెనాలి వచ్చే రైల్లో కిటికీ పక్కన కూర్చుని నెమ్మదిగా బయటపెట్టింది.

"ఛాతీ మీద కోత కనబడితే ఫిట్‌నెస్ ఇవ్వరంట మేడం. గవర్నమెంటు ఉద్యోగం రాదంట."

"ఎవరే చెప్పింది?"

"అందరూ అంటారండి."

పల్లె క్లినిక్కుల్లో నర్సు ఉద్యోగాలకి నోటిఫికేషన్ పడబోతోందని అప్పటికే పుకారుంది. అది వస్తే సొంత ఊరి పక్కనే వెయ్యించుకుని, చుట్టుపక్కల బుజ్జి లాంటి పిల్లలందరికీ తనే సూదులెయ్యాలని దీని ఆశ. ఫిట్‌నెస్ సంగతి నేను తెలిసినవాళ్లందర్నీ అడిగాను. ఒకాయన ఇస్తారన్నాడు. ఇంకొకాయన ఇవ్వరన్నాడు. మూడో ఆయన, ముందు నోటిఫికేషన్ పడనివ్వండి మేడం, అప్పుడు చూద్దాం అన్నాడు. ఒక పిల్ల ప్రాణం ఆ మాట మీద నిలబడి ఉందని ఆయనకేం తెలుసు.

ఉద్యోగం పోతే పోయింది, ముందు బతికి చావు అని అరిచాను దాని మీద. అరిస్తే బెదిరే రకం కాదు.

"ఉద్యోగం లేకపోతే నేను పేషెంటునే కదండీ మేడం. చిన్నప్పట్నుంచీ అదే అయి ఉన్నాను," అంది. "ఉద్యోగం రాగానే చేయించుకుంటాను. ఒట్టండి."

నాకు చాలా కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది. ఊళ్లో అందరి తల్లుల్నీ ఆలస్యం చెయ్యొద్దని బెదిరించి ఆసుపత్రికి పంపే పిల్ల, తన దగ్గరికొచ్చేసరికి నోటిఫికేషన్ కోసం ఆగింది.

తెనాలిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరింది. సెలవు దొరికితే ఊళ్లో ఇంటికి కాకుండా ముందు బాపట్ల వెళ్లేది, బుజ్జి సూది రోజైతే పక్కన కూర్చునేందుకు. జర్మనీ వెళ్లిన దాని స్నేహితురాళ్లు మంచులో దిగిన ఫోటోలు పంపితే నాకు చూపించి, చలికి వీళ్ల ముక్కులు చూడండి మేడం ఎలా ఎర్రబడ్డాయో అని నవ్వేది. నేను ఎప్పుడు ఫోన్ చేసినా అడిగేది ఒకటే, ఆపరేషన్ ఎప్పుడని. అదీ ఒకటే చెప్పేది, పడగానే మేడం అని. నోటిఫికేషన్ కోర్టులో ఉందని కొన్నాళ్లు, ఎన్నికల కోడ్ అని కొన్నాళ్లు గడిచాయి. ఫోన్లో మాట మధ్యలో ఆగడం ఎక్కువైంది. అక్కడ నోటీసు బోర్డు ఏమన్నా ఉందా అని నేను వెటకారం చేస్తే, ఉందండి, పెద్దది అనేది.

జ్వరమొచ్చి ఇంటికెళ్లింది. రెండు రోజులకే ఊపిరందలేదు. రేపల్లెలో చూసి తెనాలి తీసుకెళ్లమన్నారట. పొద్దున్నే అంబులెన్సులో బయల్దేరారు. వేమూరు దాటకుండానే పోయింది. తల్లి చెప్పింది, దారిలో ఆక్సిజన్ పెట్టే కుర్రాడికి మాస్కు సరిగ్గా పట్టుకోవడం ఇదే చూపించిందట.

సమాధుల తోటకి నేనూ వెళ్లాను. షెడ్డు ఆడవాళ్లు చేతులకి రొయ్యల వాసన వదలకుండానే పరిగెత్తుకొచ్చారు. పాస్టరు గారు ప్రార్థన చేస్తుంటే ఎవరో ముసలమ్మ, మా నర్సమ్మ పోయిందే అని ఏడ్చింది. తండ్రి శిలువ మీద పేరు కింద స్టాఫ్ నర్సు అని రాయించాడు. తప్పు కదూ మేడం, గవర్నమెంటు వాళ్లేమన్నా అంటారా అని నన్ను అడిగాడు. ఎవరూ ఏమీ అనరు అని చెప్పి, అక్కడే కూలబడి ఏడ్చాను. అప్పటికి నోటిఫికేషన్ ఇంకా పడలేదు.

బుజ్జికి ఇప్పుడు బాపట్ల వెళ్లక్కర్లేదు, సూదులు ఆ పల్లె ఆసుపత్రిలోనే వేస్తున్నారు. మొన్న అక్కడ నర్సు కోసం వరసలో ఇంకా చాలామంది ఉన్నారు. సూది గబగబా దింపి లాగేసింది. బుజ్జి కెవ్వుమంది. "అయిపోయిందా? ఇంకా ముక్కలే వెయ్యలేదు," అంది ఏడుస్తూనే.

వరండాలో బుజ్జి తల్లి నన్ను గుర్తుపట్టి లేచి నిలబడింది. ముందుగా అడిగింది మా పిల్ల గురించే. ఏడాది నుంచి ఫోన్ కలవట్లేదమ్మా, నంబరు మార్చిందా అంది. చెప్పాను. బెంచీ మీద కూర్చుండిపోయింది. "మరి ఈ సూదులెందుకు మేడం గారూ?" అంది.

ఆ పిల్లకి మొదలెట్టేసరికే కవాటం పాడైపోయిందనీ, ఆపరేషన్ చేయించుకోవాల్సిన టైములో చేయించుకోలేదనీ, మీ పిల్లకి ముందే పట్టుకున్నాం కాబట్టి సూదులు మానకపోతే అంతదూరం వెళ్లదనీ చెప్పాను. ఇదంతా నిజమే. అయినా చెబుతున్నంతసేపూ నా గొంతు నాకే నమ్మకంగా అనిపించలేదు. ఎందుకంటే ఆ తల్లి ఒప్పుకున్నది నేను చెప్పిన వైద్యం విని కాదు. తన గుమ్మంలో నిలబడి నేను బతకట్లేదా అని అడిగిన పిల్లని చూసి.

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. "దానికి చెప్పమాకండి. ఆ అక్కని చూసే వేయించుకుంటంది. తెలిస్తే ఇంక బల్లెక్కదు," అంది.

అంతలో బుజ్జి కుంటుకుంటూ వచ్చింది. నన్ను చూసి కళ్లు తుడుచుకుని నిలబడింది. "అక్క రాలేదా మేడం? అక్కకి ఉద్యోగం వచ్చిందా?"

తల్లి నా వైపు చూస్తోంది. నేను పిల్లలకి అబద్ధం చెప్పను, చెప్పేవాళ్లంటే పడదు కూడా. "వచ్చిందమ్మా," అన్నాను. "దూరంగా వేశారు."

బుజ్జి మొహం వెలిగిపోయింది. "అయితే ఆపరేషన్ కూడా అయిపోయుంటది. ఉద్యోగం రాగానే చేయించుకుంటానని నాకొక్కదానికే చెప్పింది. ఇంక అక్క గుండె గరగరమనదు కదా మేడం?"

"అనదమ్మా," అన్నాను.

తల్లి అటు తిరిగి, ఆటో వచ్చింది పద అంటూ పిల్ల చెయ్యి పట్టుకుంది. బుజ్జి ఆటో ఎక్కి కూర్చుని, మళ్లీ తల బయటికి పెట్టింది.

"ఒకసారి సెలవు పెట్టి రమ్మనండి మేడం. పులుసు మరిగేదాకా ఆగే నర్సు ఇక్కడెవరూ లేరు."